ముందు రిహార్సల్ పోయింది: కోనసీమలో ఒక పాటల రాత్రి కేస్ స్టడీ

మా ఊళ్ళో ఎవరినడిగినా మా పాటల రాత్రి కరోనా వల్ల ఆగిపోయిందనే చెబుతారు. మేమూ అలాగే చెప్పాం, ఎవరికీ ఇబ్బంది ఉండదని. 2020 జనవరిలో కనుమ రాత్రి ఆఖరిసారి స్టేజీ ఎక్కాం. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సెప్టెంబరు 25న బాలు గారు పోయారు. మరుసటి సంక్రాంతికి మైకు ముందు నిలబడే మనసు ఎవరికీ లేదు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

కానీ ట్రూపు లెక్కల పుస్తకాలు నా దగ్గరున్నాయి. వాటిలో కార్తీకం నుంచి పుష్యం దాకా వారం వారం ఒక పద్దు కనపడుతుంది: ‘రిహార్సల్ టీ, పకోడీ’. 2008 సంక్రాంతి దాటాక ఆ పద్దు మళ్ళీ లేదు. షో ఆగడానికి పన్నెండేళ్ళ ముందే రిహార్సల్ ఆగింది. నా లెక్కలో మా ట్రూపు పోయింది అప్పుడే. ఆ తర్వాత నడిచిందంతా అలవాటు మీద నడిచింది.

ఈ మధ్య ఆర్కెస్ట్రాలు నడిపే కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు, “మీది ఎందుకాగిందో చెప్పండి బాబాయ్, మాకూ పనికొస్తుంది” అని అడిగారు. ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను. నేను మొదట హార్మోనియం, తర్వాత కీబోర్డు, తొంభైల నుంచి మేనేజరు పని కూడా. కాబట్టి కింద చెప్పబోయే తప్పుల్లో సగానికి పైగా నావే.

లైబ్రరీ అరుగు మీద

మా ఊరు వశిష్ఠ గోదావరికి తూర్పు ఒడ్డున, రాజోలు వైపు. పంటు ఎక్కి నది దాటితే నరసాపురం. మాకు పాట మూడు దారుల్లో వచ్చేది: రేడియో, సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకాలు, పద్య నాటకం. మూడోది ఈ జిల్లాలకి ఇంటి సరుకు. వీరేశలింగం గారు రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకం ఆడించింది 1880లో. జనం నోట నానిన పాండవోద్యోగ విజయాల పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులిద్దరూ ఇక్కడి వాళ్ళే. చెళ్ళపిళ్ళ వారు కడియంలో పుట్టారు, దివాకర్ల వారు భీమవరం దగ్గర యండగండిలో. మా నాన్న ఆ నాటకాలకి హార్మోనిస్టు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, ఎవరి పద్యానికి ‘వన్స్ మోర్’ ఎక్కువ పడితే ఆ రాత్రి వాళ్ళది. ఎన్నిసార్లు పాడినా హార్మోనియం మాత్రం ఒక్కడిదే. తెల్లారి ఇంటికొచ్చి నాన్న వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చునేవాడు.

ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. మరుసటి ఏడాది అదే తేదీన మా ఊరి లైబ్రరీ అరుగు మీద నలుగురు కుర్రాళ్ళు కూర్చుని ఆయన పాటలు పాడారు. హార్మోనియం నాన్నది, డోలక్ భజన మందిరానిది. మైకు సెట్టు పక్కూరి పెళ్ళికి వెళ్ళాల్సింది, బతిమాలితే ఒక పూట ఆగింది. అదే మొదటి షో. రెండేళ్ళు అలా చేశాక ఎవరికో ఆలోచన వచ్చింది. ఫిబ్రవరి అంటే దాళ్వా చేలల్లో కలుపు రోజులు, జనం అలిసిపోయి ఉంటారు. అదే సంక్రాంతికైతే సార్వా డబ్బులు చేతిలో ఉంటాయి, కూతుళ్ళూ అల్లుళ్ళూ దిగుతారు. అప్పట్నుంచి కనుమ రాత్రికి మారింది. పగలు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినవాళ్ళు కూడా మా షో టైముకి ఊళ్ళోకి వచ్చేసేవారు.

నేను 1986 తర్వాత చేరాను. ఆ ఆగస్టు వరదకి మా ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తాలు అటకెక్కించాం, హార్మోనియం మరిచిపోయాం. నీళ్ళు తీశాక చూస్తే తిత్తి అంటు ఊడిపోయింది, రీడ్లు చిలుం పట్టాయి. నాన్న దాన్ని పూర్తిగా విప్పి, రీడు రీడూ తుడిచి మళ్ళీ బిగించాడు గానీ ఆ తర్వాత ఆయన స్టేజీ ఎక్కలేదు. ఆ పెట్టె నాకొచ్చింది. కింది స్థాయిలో ఒక నిషాదం ఎప్పటికీ బొంగురుగానే ఉండిపోయింది. ఆ మెట్టు తప్పించి వాయించడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, కొత్త పెట్టె కొన్నాక కూడా అక్కడికి వేలు వెళ్ళేది కాదు.

సుత్తి సంచిలో పడిన చప్పుడు

పోస్టరు మీద ‘సినీ సంగీత విభావరి’ అని వేసేవాళ్ళం గానీ సినిమా పాటలు అందులో సగమే. రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకి మొదలు. గణపతి ప్రార్థన, రెండు భక్తి పాటలు, అరగంట పద్యాలు, యుగళగీతాలు, మిమిక్రీ, అర్ధరాత్రి నిద్ర తేలగొట్టడానికి హుషారు పాటలు, బుర్రకథ ముక్క ఒకటి, రెండు దాటాక మళ్ళీ పాత పాటలు, మంగళం. చాపలు, గోనె పట్టాలు పరుచుకుని ఆడవాళ్ళు ఓ పక్క, మగవాళ్ళు ఓ పక్క. జీళ్ళు, బఠాణీలు అమ్మేవాళ్ళు స్టేజీకి ఎదురుగా వద్దని ప్రతి ఏడాదీ చెప్పేవాళ్ళం. ప్రతి ఏడాదీ ఎదురుగానే పెట్టేవారు.

మా ట్రూపు ఎందుకు నడిచిందో, ఎందుకు ఆగిందో రెండూ ఒక్క చోటే ఉన్నాయి. అది పాటకీ పాటకీ మధ్య.

మా మేల్ సింగర్ ఘంటసాల పాటలు ఒకటిన్నర శ్రుతిలో పాడేవాడు. నరసాపురం నుంచి వచ్చే ఆవిడ సోలోలకి ఐదున్నర, అంటే అంతకన్నా బాగా పైన. తబలా మాస్టారి దగ్గర కుడి తబలాలు రెండుండేవి, శ్రుతి మారితే తబలా మార్చేవాడు. కానీ పుష్యమాసం, కాలవ గట్టు పక్క స్టేజీ. పదకొండయ్యేసరికి మంచు దిగుతుంది, దాంతోపాటు తబలా శ్రుతీ దిగుతుంది. ఒక పాట అవగానే మాస్టారు సుత్తి తీసేవాడు. అంచు చుట్టూ టక్ టక్‌మని కొడుతూ, వార్ల కింద కొయ్యముక్కలు సర్దుతూ, మధ్య మధ్య చెవి దగ్గరగా వంచి మీటి చూసుకునేవాడు. మరీ దిగిపోతే నూరు క్యాండిల్స్ బల్బు దగ్గర పట్టి కాచేవాడు. నేను హార్మోనియం మీద షడ్జమం సన్నగా పట్టి ఉంచేవాణ్ణి. అది రెండు నిమిషాల పని. మంచు ఎక్కువైతే నాలుగు.

ఆ రెండు నిమిషాల కోసం అనౌన్సరు గారు ఉండేవారు. ఎలిమెంటరీ స్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు. కాగితం చూసి మాట్లాడటం ఆయనకి తెలీదు. జనంలోంచి చీటీలు వచ్చేవి, ఆడవాళ్ళ వైపు నుంచి చిన్నపిల్లల చేత. కొన్నిటికి పది రూపాయల నోటు గుండుసూదితో గుచ్చి ఉండేది. అవి చదివింపుల్లా చదివి, వాటి చుట్టూ మాటలు అల్లేవారు. ఎవరి అబ్బాయి పది పాసయ్యాడు, ఎవరి అమ్మాయి కువైట్ నుంచి వచ్చింది, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, అన్నీ వచ్చేసేవి. “ఈ పాట పడమటి వీధి కొత్తల్లుడి గారి కోరిక మీద. పాడేది మేము, వినేది మీరు, ఖర్చు మావగారిది” అనేవారు. మావగారు లేచి దండం పెట్టేవారు. ఊరంతా నవ్వేది. ఆ మావగారు మరుసటి ఏడాది చందా పెంచేవారు, అది వేరే సంగతి.

ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఓ కన్ను తబలా మాస్టారి మీద ఉండేది. మాస్టారు సుత్తిని రేకు పెట్టె మీదున్న గుడ్డ సంచిలో పడేస్తే చిన్న చప్పుడు వచ్చేది. అదే ఆయనకి సైగ. ఎక్కడున్న మాట అక్కడ మడిచి, పాట పేరు చెప్పి పక్కకి జరిగేవారు. జరుగుతుండగానే ఎత్తుగడ పడిపోవాలి. ఒక్క సెకను ఖాళీ వచ్చినా జనం పక్కవాడితో కబుర్లు మొదలుపెడతారు. మొదలుపెట్టారా, వాళ్ళని మళ్ళీ పాటలోకి తేవడానికి ఒక చరణం ఖర్చవుతుంది.

ఇది స్టేజీ మీద పుట్టేది కాదు, గోడౌన్‌లో తయారయ్యేది. కార్తీక మాసం నుంచి ప్రతి ఆదివారం సొసైటీ గోడౌన్‌లో కూర్చునేవాళ్ళం. మూడు పక్కలా ధాన్యం గోనె బస్తాలు. అవి శబ్దాన్ని పీల్చేసేవి, ఎకో ఉండేది కాదు, ఎవరు తప్పు వాయించినా దాక్కోడానికి లేదు. పాటలు నేర్చుకోవడం నాలుగు వారాల్లో అయిపోయేది. మిగతా ఆదివారాలన్నీ వరస కోసమే. ఏ పాట పక్కన ఏ పాట, ఎక్కడ శ్రుతి మారుతుంది, అక్కడ మాటలెంతసేపు, ఎవరు ఎవర్ని చూడాలి. సింగర్‌కి జలుబు చేస్తే ఏ పాటలు అర శ్రుతి దించాలో కూడా రాసుకునేవాళ్ళం. పకోడీ పద్దు అంతా దానికే.

బయట ఊళ్ళకీ వెళ్ళేవాళ్ళం. భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణం, చైత్రంలో రామనవమి పందిళ్ళు, భాద్రపదంలో చవితి పందిళ్ళు. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు దాటిపోతే పెట్టెల మీద తలపెట్టుకుని రేవులోనే పడుకున్న రాత్రులున్నాయి. వాటి గురించి రాయడం మొదలుపెడితే ఇది కేస్ స్టడీ అవదు.

డబ్బు సంగతి

డబ్బుల్లేక ఆగిపోయిందనేవాళ్ళకి 1996 గుర్తుచేస్తాను. నవంబరు 6న తుఫాను కోనసీమ మీద పడింది. కొబ్బరి తోటలు వరసలకి వరసలు పడుకున్నాయి. మా కమిటీ చందాలో పెద్ద వాటా కొబ్బరి రైతులదే, మళ్ళీ చెట్టు కాపుకి రావడమంటే ఏళ్ళు. ఆ సంక్రాంతికి షో మానేద్దామనే అనుకున్నాం. కళ్ళంలో ఇచ్చే ధాన్యం కూడా ఆ ఏడు అడగడానికి మొహం చెల్లలేదు. చివరికి ట్రూపులో అందరం పారితోషికం వదులుకున్నాం, మైకు సెట్టు అతను డీజిలు డబ్బులే తీసుకున్నాడు. స్టేజీ కింద వేసిన దుంగలన్నీ తుఫానుకి పడిన కొబ్బరి మొద్దులే. వాటి మీద బల్లలు సరిగ్గా కూచోక, నేను హార్మోనియం పెడలు తొక్కినప్పుడల్లా స్టేజీ ఊగేది. జనం ఎప్పటికన్నా ఎక్కువ వచ్చారు. రిహార్సల్ మాత్రం ఆ ఏడు కూడా మానలేదు. వెలుతురు లేక లాంతరు పెట్టుకుని చేశాం.

టీవీ వల్ల పోయిందనే మాట కూడా నేను ఒప్పుకోను. ‘పాడుతా తీయగా’ ఈటీవీలో అదే 1996లో మొదలైంది. దాని తర్వాత మా దగ్గరికి పాడతామని వచ్చే పిల్లలు పెరిగారు. జనానికి కూడా శ్రుతి, సంగతి, గమకం లాంటి మాటలు నోటికొచ్చాయి. ఎవరో పెద్దాయన స్టేజీ వెనక్కి వచ్చి, “ఆయ్, రెండో చరణంలో సంగతి వదిలేశారండి” అన్నాడు. వదిలేసిన మాట నిజమే.

ఒక్కొక్కటే తీసేశాం

మొదటి దెబ్బ టైముకి తగిలింది. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000లో కేంద్రం శబ్ద కాలుష్య నిబంధనలు తెచ్చింది. 2005లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అమలు బిగిసింది. పండగలకి కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలించే వీలు ప్రభుత్వానికి ఉంది గానీ, ఆ సడలింపు మా ఊరి కనుమ దాకా వస్తుందో లేదో అని ప్రతి ఏడాదీ టెన్షనే. దాంతో షో ఏడింటికి మార్చాం. కనుమ రోజు ఏడింటికి ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరదు. ఆడవాళ్ళు వచ్చేసరికి తొమ్మిదయ్యేది, పదింటికి మేం మంగళం పాడేవాళ్ళం. నిబంధన తప్పని నేననను. పసిపిల్లలున్న ఇళ్ళు, గుండె జబ్బువాళ్ళు ఉంటారు. కానీ ఆరు గంటల షో కోసం కుట్టిన చొక్కాని మూడు గంటలకి కత్తిరించినప్పుడు, ఎక్కడ కత్తిరించాలో మాకు తెలీలేదు.

అదే రోజుల్లో నేను కీబోర్డు కొన్నాను. సెకండ్ హ్యాండ్‌ది, రిథమ్‌లు దాంట్లోనే ఉంటాయి. డోలక్ అతనికి పెళ్ళిళ్ళ సీజన్‌లో డేట్లు కుదరడం లేదు, సరే, ఆ ఒక్క ఏడాదికి కీబోర్డు రిథమ్ పెడదాం అనుకున్నాం. బాగానే నడిచింది. ప్రెసిడెంటు గారు సంతోషించారు: “మంచి పని చేశావయ్యా, స్టేజీ మీద మనుషులు తగ్గారు, భోజనాలూ తగ్గాయి.” మరుసటి ఏడాది కాంగో అతను రాలేదు. ఆ తర్వాత తబలా మాస్టారిని పద్యాలకి, పాత పాటలకి మాత్రమే పిలిచాం. మూడు గంటల్లో పద్యాలకి అరగంట ఎక్కడిదని ఆ తర్వాత పద్యాలు తీసేశాం. పద్యాలు లేకపోయాక తబలా మాస్టారూ లేరు.

తబలా లేకపోతే శ్రుతి చేసుకునే పనుండదు. కీబోర్డుకి మంచు తెలీదు. ఒకటిన్నర నుంచి ఐదున్నరకి వెళ్ళడానికి ఒక బటన్ చాలు. అలాంటప్పుడు రెండు నిమిషాల మాటలు ఎందుకు? ఉన్నదే మూడు గంటలు, ఇంకో ఏడెనిమిది పాటలు పడతాయి కదా అని నేనే అన్నాను. అనౌన్సరు గారి పారితోషికం సగం చేశాం. సగం డబ్బులకి సగం మాటలు చెప్పండని మా ఉద్దేశం. ఆయన ఆ ఏడాది పూర్తిగా చెప్పి, డబ్బులు తీసుకోకుండా వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆయన చోట సింగరే పాట పేరు చెప్పుకునేవాడు.

మాటల్లేవు, శ్రుతి మార్పుల్లేవు, ఒకరిని చూసి ఒకరు అందుకునేదేమీ లేదు. ఇంక ఆదివారాలు కూర్చుని చేసేదేముంది? సింగర్లు పాటలు ఇంట్లో సీడీ పెట్టుకుని నేర్చుకుని వచ్చేవారు. 2008 కనుమ తర్వాత గోడౌన్ తాళం చెవి సొసైటీకి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు బాధ కూడా కలగలేదు. ఆదివారాలు ఖాళీ దొరికాయని సంబరపడ్డాను.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఇప్పటికీ తప్పనిపించదు. ప్రతిదానికీ ఆ ఏడాది ఒక కారణముంది, లెక్కల్లో మిగులూ కనపడుతుంది. మొత్తం కలిపితే మాత్రం, ఊరి షోని సీడీ ప్లేయర్‌గా మార్చి, దానికి పారితోషికం అడిగాం.

జనం అది గమనించడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ట్రాకులు వచ్చాయి, అంటే గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచిన పాటలు. మొదట సీడీలో, తర్వాత పెన్‌డ్రైవ్‌లో, తర్వాత ఫోన్లో. “ట్రాక్ మీద పాడటానికి మీరెందుకండీ, మా అబ్బాయి పాడతాడు” అని కమిటీలో ఒకాయన అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అబ్బాయి బాగా పాడతాడు కూడా. నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళ ముందైతే, “మీ అబ్బాయిని తీసుకురండి, తబలా మాస్టారి పక్కన కూర్చోబెడదాం” అనేవాణ్ణి.

ట్రాకు వల్ల ఇంకో నష్టం జరిగింది. మా పెద్ద సింగర్‌కి అరవై దాటాయి. హార్మోనియం ఉన్న రోజుల్లో ఆయన గొంతుకి తగ్గట్టు ఏటేటా కాస్త కాస్త దించుకుంటూ వచ్చాం, జనానికి తెలియనే లేదు. ట్రాకు సినిమా శ్రుతిలోనే వస్తుంది. దించే యాప్‌లున్నాయి గానీ, అప్పట్లో మాకు తెలీదు. పైస్థాయిలో ఆయన గొంతు పట్టు తప్పడం ఊరంతా విన్నది. ఆయన కూడా విన్నాడు.

చందాల తీరు మారడం కూడా చెప్పాలి, క్లుప్తంగా. వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. ఇంటింటికీ తిరిగి బస్తా, అరబస్తా పోగుచేసే కమిటీ పోయి, ఇద్దరు ముగ్గురు చెరువుల ఆసాములు ఖర్చంతా పెట్టుకోవడం వచ్చింది. సులువే. కానీ ఇంటింటి చందా ఉన్నప్పుడు ప్రతి ఇల్లూ షోకి వచ్చేది, చదివింపుల్లో తమ పేరు వినడానికైనా. ఒక్కరు డబ్బు పెడితే ఆ ఒక్కరికి నచ్చింది పెట్టాలి. ఆయనకి డీజే నచ్చింది.

ఇరవై నిమిషాలు

ఒక రాత్రి సంగతి చెబుతాను. రిహార్సల్ ఆగి ఐదారేళ్ళు అయ్యాక ఒక కనుమ. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ తిరగలేదు, కుర్రాడు డీజిలు కోసం సైకిలేసుకుని వెళ్ళాడు. స్టేజీ మీద ఐదుగురం ఉన్నాం. నా ముందున్న కీబోర్డు, పక్కనున్న లాప్‌టాప్, బాక్సులు, అన్నీ చచ్చిపోయాయి. సింగర్ మైకు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఎవరో ఫోన్ లైటు ఆయన మొహం మీద వేశారు.

పాత రోజుల్లో కరెంటు పోవడమంటే మాకు పండగలా ఉండేది. పెట్రోమాక్స్ వెలిగించి, మైకు లేకుండా హార్మోనియం, తబలా మీద పద్యం అందుకుంటే, వెనక వరసలవాళ్ళు చాపలు చుట్టుకుని ముందుకొచ్చి కూర్చునేవారు. అనౌన్సరు గారు కరెంటు ఆఫీసు మీద ఒక ఆశు పద్యం చెప్పేవారు. ఆ రాత్రి హార్మోనియం ఇంట్లో ఉంది. తబలా మాస్టారు ఊళ్ళోనే ఉన్నాడు, షోకి రాలేదు. మాట్లాడేవాళ్ళు లేరు. నేను లేచి ఏదో అనబోయాను, మాట రాలేదు. అలవాటు లేని పని. జనం కాసేపు ఈలలు వేశారు, తర్వాత లేచారు. డీజిలు వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది, సగం చాపలు లేవు.

ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. కరెంటు పోతే ఎవరేం చేస్తారు అన్నారు.

మూసిన పద్ధతి

2021 వేసవిలో మిగిలిన ఆరుగురం మా ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నాలుగు అడ్వాన్సులు చేతిలో ఉన్నాయి, లాక్‌డౌన్‌కి ముందు చవితి పందిళ్ళకీ, పెళ్ళిళ్ళకీ తీసుకున్నవి. ముందు అవి తిరిగిచ్చేశాం. ఇద్దరు, “ఉంచండి, వచ్చే ఏడాది చేద్దురు గాని” అన్నారు. ఉంచకూడదు. చేయని షో డబ్బు దగ్గర ఉంటే మూసేశామని నోటితో అన్నా మూసినట్టు కాదు. ఈ ఒక్క విషయంలో నా పని నాకు నచ్చింది.

ఆంప్లిఫయరు, బాక్సులు రామాలయానికి ఇచ్చాం. రేకు పెట్టెలు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళారు. పాటల నోట్సు పుస్తకాలు, శ్రుతులు, వరసలు, ‘ఇక్కడ మాస్టారు 3 ని.’ లాంటి గుర్తులతో సహా, నా దగ్గరే ఉంచుకున్నాను. పాత బాకీల దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరికెంత అన్నది పుస్తకంలో ఉంది గానీ, తబలా మాస్టారికి ఆపేసిన ఏడాది ఇవ్వాల్సిన సగం ఎవరూ రాయలేదు. అది రాసుండాల్సింది నేను. ఇంటికెళ్ళి ఇచ్చాను. ఆయన లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకుని, “టీ తాగుతావా?” అన్నాడు.

అనౌన్సరు మాస్టారి దగ్గరికి కూడా వెళ్ళాను. రిటైరై చాలా ఏళ్ళయింది, కళ్ళు సరిగా కనపడవు. వదిలేసిన ఆ డబ్బు కవర్లో పెట్టి తీసుకెళ్ళాను. తీసుకోలేదు. నా గొంతు గుర్తుపట్టి, “నన్ను తగ్గించినప్పుడు ఒకటడిగాను, గుర్తుందా అబ్బాయ్? పాటకీ పాటకీ మధ్య ఏం పెడతావురా అన్నాను” అన్నారు.

“గుర్తుంది మాస్టారూ.”

“ఏమన్నావు?”

“ఇంకో పాట అన్నానండి.”

ఆయన చాలాసేపు నవ్వారు. ఎగతాళి లేదు అందులో, నిజంగానే నవ్వొచ్చినట్టుంది.

కుర్రాళ్ళు అడిగిన రెండో ప్రశ్న, ఇప్పుడైతే ఏం చేసేవాణ్ణని. మూడు గంటల షోకి మూడు గంటల వరస కొత్తగా కుట్టేవాణ్ణి. పాటలు తగ్గించేవాణ్ణి, మనుషుల్ని తగ్గించేవాణ్ణి కాదు. కీబోర్డు కొనేవాణ్ణే, కానీ తబలాని దాని పక్కన ఉంచేవాణ్ణి, అవసరమున్నా లేకపోయినా. అనౌన్సరుకి ముందు డబ్బులిచ్చి తర్వాత సింగర్లకి ఇచ్చేవాణ్ణి. ఇలా చేస్తే షో బతికేదా అంటే, చెరువుల ఆసామికి డీజే నచ్చకుండా చేయడం నా చేతిలో లేదు. ఇంకో పదేళ్ళు మంచి షో నడిచేది, ఆ తర్వాత ఆగేదేమో.

కీబోర్డు మా ఊరి చర్చి కుర్రాళ్ళు కొనుక్కున్నారు. ఆరాధన పాటలకి. ప్రతి శుక్రవారం సాయంత్రం చర్చి వెనక గదిలో కూర్చుని ప్రాక్టీసు చేస్తారు, పాట పాడుతూ మా వీధిలోంచే వెళతారు. పోయిన నెల వాళ్ళలో ఒకడు ఫోన్ చేశాడు: “తాతగారూ, కింద నల్ల మెట్టు ఒకటి నొక్కితే పైకి రావట్లేదండి.” స్క్రూలు విప్పొద్దని చెప్పాను. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, అప్పటికీ రాకపోతే శుక్రవారం నన్ను పిలవమన్నాను.